టంకశాల తప్పా, తర్వాతి దెబ్బా?

సూరత్ అనగానే మనవాళ్ళకు ముందు చీరలు గుర్తొస్తాయి, ఆ వెంటనే వజ్రాలు. ఒకప్పుడు ఈ ఊరు రూపాయలకు కూడా అంతే పేరున్న ఊరు. 1573లో అక్బరు సూరత్ కోటను స్వాధీనం చేసుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం మొగలాయి సామ్రాజ్యానికి పశ్చిమాన ఇదే పెద్ద రేవు. మక్కా యాత్రికుల ఓడలు ఇక్కడి నుంచి బయలుదేరేవి. మెక్సికో, పెరూ గనుల్లో తవ్విన వెండి కొంత యూరప్ కంపెనీల ఓడల్లో, కొంత ఎర్ర సముద్రం మీదుగా ఇక్కడికి చేరేది. పరాయి నాణెం మన బజారులో చెల్లదు కాబట్టి ఆ వెండి టంకశాలకు వెళ్ళి, కరిగి, పాదుషా పేరుతో రూపాయిగా బయటికొచ్చేది. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల కాలంలో సూరత్ టంకశాల దేశంలోని పెద్ద టంకశాలల్లో ఒకటి.

ఇవాళ అదే ఊళ్ళో వేల తెలుగు కుటుంబాలున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఈ మధ్య ఆ వాడల్లో ఒక మాట తరచు వినబడుతోంది. "ఈ బిళ్ళ తేడాగా ఉంది, దీనికి లక్షలొస్తాయట కదా?" అని. ఫోనులో ఎవరో ఒక వీడియో చూపిస్తారు. అక్షరం వంకరగా ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు ఐదు లక్షలని చెబుతారు. ఫోన్ చేస్తే, అమ్మకానికి పెట్టాలంటే ముందు రిజిస్ట్రేషన్ డబ్బు కట్టమంటారు. ఆ తర్వాత పన్ను కట్టమంటారు, ఆ తర్వాత కమీషన్ అంటారు. కట్టినవాడికి డబ్బూ రాదు, అవతలి ఫోనూ మళ్ళీ మోగదు. తన పేరు వాడుకుని ఇలాంటి వసూళ్ళు జరుగుతున్నాయనీ, తనకు ఈ వ్యాపారంతో సంబంధం లేదనీ, తన పేరున ఎవరికీ ఇలాంటి రుసుములు వసూలు చేసే అధికారం ఇవ్వలేదనీ రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది.

ఈ మోసం సాగడానికి కారణం ఆశ ఒక్కటే కాదు. తేడాగా ఉన్న నాణెం చేతికొస్తే దాన్ని ఎలా చూడాలో మనకెవరూ నేర్పలేదు. కాస్త ఓపిక పట్టి నేర్చుకుంటే ఇది ఎవరికైనా పట్టుబడే విద్య. దాని గురించే ఇవాళ మాట్లాడుకుందాం.

నాణెం మీద కనిపించే తేడాలు రెండు రకాలు. మొదటిది టంకశాలలో, నాణెం తయారవుతుండగా జరిగిన తప్పు. రెండోది టంకశాల గుమ్మం దాటాక నాణేనికి తగిలిన దెబ్బ. నేత పని చేసే శ్రోతలకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మగ్గం మీద పడుగు పోగు తెగితే ఆ లోపం బట్ట పొడవునా సాగుతుంది, పక్క పోగులు సర్దుకుని ఉంటాయి. చీర కట్టుకున్నాక మేకు తగిలి చిరిగితే పోగులు తెగి వేలాడతాయి. రెండూ లోపాలే, కానీ ఏది మగ్గం మీద పడిందో, ఏది తర్వాత పడిందో అనుభవమున్న కన్ను పోగుల తీరు చూసి చెప్పేస్తుంది. నాణెంలో మనం చూడాల్సింది లోహం తీరు. లోహం ఎటు నడిచింది, ఎందుకు నడిచింది అని అడగాలి.

అందుకు నాణెం ఎలా పుడుతుందో కొంచెం తెలియాలి. ఇప్పుడు మన దేశంలో నాణేలు అచ్చయ్యేది నాలుగు చోట్ల: ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడా. మన హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదుకు వచ్చింది, 1997లో చర్లపల్లికి మారింది. నాలుగు చోట్లా పద్ధతి దాదాపు ఒకటే. పొడవాటి లోహపు రేకు నుంచి గుండ్రటి ఖాళీ బిళ్ళలు కోస్తారు. వాటిని కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, కడిగి శుభ్రం చేస్తారు. అంచు చుట్టూ ఒత్తిడి పెట్టి చిన్న గట్టు లేపుతారు. చివరికి ఒక్కొక్క బిళ్ళ ఒక ఉక్కు కట్టులోకి జారుతుంది. దీన్ని కాలర్ అంటారు. పై అచ్చు, కింది అచ్చు కలిసి ఒక్క దెబ్బ వేస్తాయి. ఆ దెబ్బకు లోహం అచ్చులోని పల్లాల్లోకి పాకి బొమ్మగా, అక్షరాలుగా లేస్తుంది. పక్కలకు పాకబోయిన లోహాన్ని కాలర్ ఆపుతుంది. నాణెం గుండ్రంగా, ఒకే కొలతలో ఉండటానికి కారణం ఆ కట్టే.

కాబట్టి తప్పు జరగగలిగింది మూడు చోట్లే: బిళ్ళలో, అచ్చులో, దెబ్బలో. ఎవరైనా తేడా నాణెం చూపిస్తే మొదట అడగాల్సింది "దీనికెంత?" అని కాదు, "ఇది ఏ మెట్టులో, ఎలా జరిగింది?" అని. ఆ మూడింటిలో ఎక్కడా జవాబు దొరక్కపోతే అది టంకశాల తప్పు కాదు.

ముందు బిళ్ళలో తప్పు చూద్దాం. రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే, కోసే యంత్రం అంతకుముందు కోసిన కంత మీదే మళ్ళీ కొంత పడుతుంది. అప్పుడు బిళ్ళకు ఒక పక్క నెలవంక ముక్క తగ్గిపోతుంది. ఇలాంటి నాణేలు నిజంగానే బజారులోకి వస్తుంటాయి. అయితే ఒక ఇనుప కత్తెరో ఆకురాయో ఉంటే ఎవరైనా నాణేన్ని అలా కోసేయగలరు. మరి తేడా ఎలా తెలుస్తుంది? కోత ఉన్న చోటు నుంచి కన్ను తీసి, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచును చూడండి. బిళ్ళకు గట్టు లేపేటప్పుడు రెండు పక్కల నుంచీ ఒత్తిడి పడాలి. ఒక పక్క లోహమే లేకపోతే ఎదురు పక్క ఒత్తిడి అందదు, అక్కడ గట్టు సరిగ్గా లేవదు. అందుకే చాలావరకు నిజమైన కోత నాణెంలో, కోతకు ఎదురుగా గట్టు బలహీనంగా, మాసిపోయినట్టు ఉంటుంది. దీన్ని ప్రపంచమంతటా బ్లేక్స్‌లీ లక్షణం అంటారు. ఇంకో ఆనవాలు కూడా ఉంది. నిజమైన కోత దగ్గర అక్షరాలు కోత వైపు సన్నబడి, సాగినట్టు ఉంటాయి. దెబ్బ పడేసరికే అక్కడ ఖాళీ ఉంది కాబట్టి లోహం అటు పారింది. తర్వాత కోసిన నాణెంలో అక్షరం నిండుగా వచ్చి, గోడకు కొట్టుకున్నట్టు ఠక్కున ఆగిపోతుంది. అంచు మీద ఆకురాయి గీతలు మెరుస్తుంటాయి.

రెండోది అచ్చులో తప్పు. అచ్చు ఉక్కుదే అయినా లక్షల దెబ్బలు తిని పగులుతుంది. ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. అచ్చు పగిలితే నాణెం మీద ఉబ్బు వస్తుంది, నాణేనికి దెబ్బ తగిలితే గుంట పడుతుంది. అచ్చులోని పగులు ఒక సన్నటి లోయ. దెబ్బ పడగానే నాణెం లోహం ఆ లోయలోకి పాకి, నాణెం మీద సన్నటి గట్టులా నిలబడుతుంది. అచ్చు అంచు ముక్క ఊడిపోతే ఆ మేర నాణెం మీద బొమ్మ లేకుండా ఒక బొడిపె లేస్తుంది. మేకుతోనో రాయితోనో గీస్తే మాత్రం లోహం కిందికి దిగి, గీతకు రెండు పక్కలా చిన్న చిన్న ఒడ్లు లేస్తాయి. వేలిగోరు పెట్టి రాస్తే తెలిసిపోతుంది. గోరు గట్టెక్కితే అచ్చు సంగతి ఆలోచించండి. గోరు గుంటలో పడితే దెబ్బ అని ముందు అనుమానించండి. గుంట పడిన ప్రతిదీ దెబ్బే అని మాత్రం అనలేం. అచ్చుకూ బిళ్ళకూ మధ్య చెత్తో, దారప్పోగో ఇరుక్కుంటే దాని ఆకారం కూడా గుంటగానే దిగుతుంది. అలాంటి గుంట అడుగు నునుపుగా ఉంటుంది, పక్కన ఒడ్లు లేవవు.

అచ్చు సందుల్లో జిడ్డు, మడ్డి పేరుకుంటే కొన్ని అక్షరాలు, అంకెలు మాయమవుతాయి. ఇది చాలా మామూలు తప్పు, దీనికి విలువ కూడా తక్కువే. ఇక్కడే ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. హైదరాబాదు నాణేనికి సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటుంది. ముంబయిది డైమండు ఆకారం, నోయిడాది చుక్క. కోల్‌కతా నాణేనికి ఏ గుర్తూ ఉండదు. సంవత్సరం కింద ఏమీ లేదని "గుర్తు మరచిపోయిన బిళ్ళ" అంటూ అమ్మేవాళ్ళున్నారు. ఆ బిళ్ళలో తప్పేమీ లేదు, అది కోల్‌కతాలో అచ్చయిన బిళ్ళ, అంతే.

మూడోది దెబ్బలో తప్పు. బిళ్ళ కాలర్‌లో సరిగ్గా కూర్చోకముందే అచ్చులు దిగితే బొమ్మ ఒక పక్కకు జరిగి పడుతుంది, మరో పక్క నెలవంకలా ఖాళీ మిగులుతుంది. కాలర్ అసలు లేకుండా దెబ్బ పడితే లోహం నాలుగు వైపులా పాకి నాణెం పెద్దదవుతుంది, పలచబడుతుంది, బరువు మాత్రం మారదు. ఇక్కడ పిల్లల ఆట ఒకటి మనల్ని మోసం చేస్తుంది. రైలు పట్టా మీద పెట్టిన బిళ్ళ కూడా పెద్దదవుతుంది, పలచబడుతుంది, దాని బరువూ మారదు. తేడా బొమ్మలో ఉంటుంది. కాలర్ లేని నాణెంలో బొమ్మ అసలు కొలతలో, స్పష్టంగా ఉంటుంది, చుట్టూ ఉన్న అంచు మాత్రమే విస్తరిస్తుంది. రైలు కింద పడ్డదానిలో బొమ్మే సాగి, అలికినట్టవుతుంది, ఎత్తుగా ఉండాల్సిన చోట్లన్నీ చదునైపోతాయి.

ఇప్పుడు మోసాలు ఎక్కువగా జరిగే నాణెం గురించి చెబుతాను. అచ్చయిన నాణెం ఒక్కోసారి బయటికి పడిపోకుండా అచ్చుకే అంటుకుపోతుంది. తర్వాతి ఖాళీ బిళ్ళ వచ్చినప్పుడు దానికి ఒక పక్క మామూలు అచ్చు తగులుతుంది, మరో పక్క ఆ అంటుకుపోయిన నాణెం తగులుతుంది. ఫలితంగా ఒక పక్క సరైన బొమ్మ వస్తుంది, రెండో పక్క అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, గుంటగా వస్తుంది. దీన్ని బ్రోకేజ్ అంటారు. ఉత్తరాది సేకర్తలు లఖీ అని పిలుస్తారు.

లింబాయత్‌లో మరమగ్గం మీద పనిచేసే ఒకతను నాకు ఒక రెండు రూపాయల బిళ్ళ చూపించాడు. "అన్నా, ఇది జూడు. అక్షరాలు ఉల్టా పడ్డయ్. లఖీ అంటున్నరు. పంపియ్యాలంటే ముందు పైసలు గట్టుమన్నరు" అన్నాడు. నిజంగానే బిళ్ళ మీద కొన్ని అక్షరాలు తిరగబడి, గుంటగా ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే, ఆ తిరగబడ్డ అక్షరాల అడుగున అసలు బొమ్మ ఇంకా ఉంది. సింహాల ముఖాలు నలిగి చదునయ్యాయి, కానీ ఉన్నాయి. నిజమైన బ్రోకేజ్‌లో అలా ఉండటానికి వీల్లేదు. ఆ పక్కకు అసలు అచ్చు తగలనే లేదు, మరి సింహాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇది పూర్తిగా తయారైన రెండు నాణేలను ఒకదానిమీద ఒకటి పెట్టి, బిగించి, సుత్తితో కొట్టిన పని. రెండో పక్క చూస్తే అదీ నలిగే ఉంది, సుత్తికో ఇనుప బల్లకో తగిలిన చోటు మెరుస్తోంది. "తమ్ముడూ, ఇది టంకశాలలో పడ్డది కాదు, ఎవరో వర్క్‌షాపులో చేసింది. డబ్బు కట్టకు" అని చెప్పాను. నాణెం అతని చేతిలో పెట్టి, భూతద్దం కూడా ఇచ్చి, ఆ సింహాలను అతని కంటితోనే చూడమన్నాను. చూశాక నేను ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది.

పది రూపాయల బిళ్ళతో కూడా ఇలాంటి పనులు చేస్తారు. మీ దగ్గర ఒకటి ఉంటే ఇప్పుడే చేతిలోకి తీసుకోండి. బయట పసుపు వలయం, లోపల తెల్లటి గుండ్రం. ఆ రెండూ విడివిడి ముక్కలుగా అచ్చు కిందికి వస్తాయి, అచ్చు దెబ్బకే ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. లోపలి బిళ్ళ పక్కకు జరిగిన నిజమైన తప్పు నాణెంలో బొమ్మ ఆ అతుకు మీదుగా తెగకుండా సాగుతుంది, ఎందుకంటే రెండు ముక్కల మీదా ఒకే దెబ్బ పడింది. లోపలి బిళ్ళను ఊడగొట్టి తిప్పి పెడితే అతుకు దగ్గర గీతలు ఒకదానికొకటి కలవవు, ఊడగొట్టిన పనిముట్టు గుర్తులు వలయం లోపలి అంచున మిగిలిపోతాయి.

పది రూపాయల బిళ్ళకు ఇంకో కష్టం కూడా వచ్చింది. నమూనా తేడాను తప్పు అనుకుని, తప్పును నకిలీ అనుకుని, తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో దుకాణాల్లో వాటిని తీసుకోవడం మానేశారు. కొన్నిటిమీద రూపాయి చిహ్నం ఉంది, కొన్నిటిమీద లేదు. కొన్నిటికి గీతలు పది, కొన్నిటికి పదిహేను. ఆ చిహ్నం 2010లోనే పుట్టింది, 2011 నుంచి నాణేల మీదికి వచ్చింది, కాబట్టి అంతకుముందటి బిళ్ళ మీద అది ఉండదు. పది రూపాయల నాణేలు అప్పటికి 14 నమూనాల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణెం కూడా అంతే. అది 2012లో ప్రభుత్వం విడుదల చేసిన స్మారక నాణెం, తప్పు నాణెం కాదు.

ఇక తర్వాతి దెబ్బల జాబితా చాలా పొడవు. రాజమండ్రి దగ్గర రైలు గోదావరి దాటుతుంటే మనవాళ్ళు దండం పెట్టుకుని నీళ్ళలోకి చిల్లర వేస్తారు. నదుల్లో వేసిన ఆ చిల్లరను పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి పైకి తీస్తారు. ఇసుకలో దొర్లి దొర్లి ఆ బిళ్ళల అంచులు అరిగి, బొమ్మ మాసిపోయి ఉంటుంది. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌ను ముంచెత్తినప్పుడు ఎన్నో ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. అలా బురదలో నానిన రాగి, నికెలు నాణేలు నల్లబడతాయి, చిన్న చిన్న గుంటలు పడతాయి. యాసిడ్‌లో వేసిన నాణెం అన్ని వైపులా సమంగా కరిగి, పలచబడి, బరువు తగ్గుతుంది, అక్షరాలు సన్నబడి మొద్దుబారతాయి. పతకంలా వేసుకోవడానికి కొక్కెం అతికించి తీసేస్తే అంచున అతుకు మచ్చ మిగులుతుంది. వీటన్నిటికీ వాటి కథ ఉండొచ్చు, కానీ ఆ కథ టంకశాలది కాదు.

చూడటానికి ఏం కావాలి? సూరత్‌లో ఉన్నవాళ్ళకు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో చాలా పెద్ద భాగం ఈ ఊళ్ళోనే సానబడతాయి. వరాఛా, మహిధర్‌పురా వీధుల్లో పదింతలు పెద్దగా చూపించే వజ్రాల భూతద్దం, గ్రాములో వందో వంతు కూడా తూచే చిన్న తక్కెడ ఎక్కడైనా దొరుకుతాయి. తక్కెడ క్యారెట్లలో చూపిస్తే ఐదు క్యారెట్లు ఒక గ్రాము అని గుర్తుంచుకోండి. 2011లో వచ్చిన నమూనా రూపాయి బిళ్ళ బరువు 3.79 గ్రాములు, అంటే దాదాపు 19 క్యారెట్లు. అదే నమూనా రెండు రూపాయల బిళ్ళ 4.85 గ్రాములు. రెండు రూపాయల అచ్చు రూపాయి బిళ్ళ మీద పడిందని ఎవరైనా చూపిస్తే తూచండి. 3.79కి దగ్గరగా ఉండి, బొమ్మ అంచులు బిళ్ళ బయటికి పోయినట్టుంటే ఆలోచించదగ్గ నాణెం. 4.85 ఉంటే అది రెండు రూపాయల బిళ్ళే, అంచు ఎవరో నొక్కారు. రూపాయి అచ్చు రెండు రూపాయల బిళ్ళ మీద పడిందంటే ఇంకా గట్టిగా అడగాలి. పెద్ద బిళ్ళ చిన్న కాలర్‌లోకి ఎలా దిగింది?

మూడో పనిముట్టు అయస్కాంతం. 1992 నుంచి వచ్చిన ఉక్కు రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది, అంతకుముందటి రాగి నికెలు రూపాయి అంటుకోదు. అయస్కాంతం విలువ అమెరికా సేకర్తలకు బాగా తెలుసు. రెండో ప్రపంచయుద్ధంలో రాగి ఆదా చేయడానికి అమెరికా 1943లో సెంటు నాణేలను జింకు పూసిన ఉక్కుతో అచ్చువేసింది. పాత కంచు బిళ్ళలు కొన్ని యంత్రాల్లో మిగిలిపోయి, వాటిమీదా 1943 అచ్చు పడింది. అవి చాలా అరుదు, చాలా ఖరీదు. దాంతో ఉక్కు సెంటుకు రాగి పూత పూసి అమ్మే మోసం మొదలైంది. పూత కంటిని మోసం చేయగలదు, అయస్కాంతాన్ని చేయలేదు. బరువు కూడా దొరికిపోతుంది. ఉక్కుది 2.7 గ్రాములు, కంచుది 3.11 గ్రాములు.

ఇంతవరకు చెప్పింది యంత్రపు నాణేల సంగతి. సూరత్ మొగలాయి రూపాయి దగ్గరికి వచ్చేసరికి కొలత మారుతుంది. అది తెలియక మంచి నాణేలను తప్పు నాణేలని, చెడ్డ నాణేలను మంచివని కొనేవాళ్ళున్నారు.

అక్బరు ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ అయిన్-ఇ-అక్బరీలో టంకశాల పనివాళ్ళను ఒక్కొక్కరినీ వివరించాడు. ఒకడు లోహపు కడ్డీని నాణెం బరువుకు ముక్కలు కోసి గుండ్రంగా చేస్తాడు. ఇంకొకడు ఆ ముక్కను రెండు అచ్చుల మధ్య పెట్టి పట్టుకుంటాడు. మూడోవాడు సమ్మెటతో కొడతాడు. కాలర్ అనే మాటే లేదు. అచ్చు వెడల్పు, బిళ్ళ చిన్నది. అందుకే పదకొండున్నర గ్రాములకు అటూ ఇటూగా ఉండే ఆ రూపాయి మీద అచ్చులోని రాత మొత్తం ఎప్పుడూ పట్టదు. ఒకదానిమీద సూరత్ పేరు సగమే పడుతుంది, ఇంకోదానిమీద సంవత్సరం బయటికి పోతుంది. బిళ్ళ సరిగ్గా గుండ్రంగా ఉండదు, అంచున పగుళ్ళు కూడా ఉంటాయి. సమ్మెట దెబ్బకు సాగిన వెండి అలాగే చీలుతుంది. ఇవి తప్పులు కావు, ఆ నాణెం పుట్టుకే అంత. ఊరి పేరు, సంవత్సరం రెండూ నిండుగా పడిన రూపాయికే సేకర్తలు ఎక్కువ ధర ఇస్తారు. దెబ్బల మధ్య బిళ్ళ జరిగి రాత రెండుసార్లు పడితేనో, బ్రోకేజ్ అయితేనో అక్కడ మాత్రం టంకశాల తప్పు అనొచ్చు.

ఆ రూపాయల మీద ఇంకోటి కనిపిస్తుంది. చిన్న చిన్న ఉలి గుర్తులు. పువ్వు, చుక్క, నెలవంక, ఒక గీత. అవి షరాబుల గుర్తులు. మొగలాయి కాలంలో ఆ ఏడాది అచ్చయిన కొత్త రూపాయికి పూర్తి విలువ. పాతబడ్డకొద్దీ, అరిగినకొద్దీ దానిమీద బట్టా, అంటే తగ్గింపు, పడేది. ఎంత బట్టా పడాలో, వెండి ఎంత శుద్ధమో తేల్చేవాడు షరాబు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే పదిహేడో శతాబ్దంలో పలుమార్లు సూరత్‌లో దిగాడు. 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో మన షరాబుల నేర్పు గురించి చాలా రాశాడు. లోపల రాగి పెట్టి పైన వెండి పూసిన రూపాయిని పట్టుకోవడానికి షరాబు ఉలితో చిన్న గంటు పెట్టేవాడు. లోపల కూడా వెండే అని తేలితే తన గుర్తు కొట్టేవాడు.

లెక్క ప్రకారం షరాబు గుర్తు టంకశాల తర్వాతి దెబ్బే. అచ్చు రాత లేచి ఉంటుంది, షరాబు గుర్తు దిగి ఉంటుంది. దాని కింద అచ్చు అక్షరం నలిగి ఉంటుంది. దాన్ని టంకశాల తప్పు అని అమ్మడం అబద్ధం. గుర్తులు లేని నాణేనికే ధర ఎక్కువ పలకడం మామూలే. కానీ నా మటుకు నాకు ఆ గుర్తులున్న రూపాయి అంటే గౌరవం. ఎవరో ఒక మనిషి ఆ వెండిని చేతిలో పట్టుకుని, పరీక్షించి, "ఇది మంచిది" అని మాట ఇచ్చిన ఆనవాలు అది. ఇవాళ వీడియోల్లో లక్షలు చెప్పేవాళ్ళు ఇవ్వనిది ఆ పూచీయే.

సూరత్ రూపాయి చరిత్రలో రాజుల తగవులు కూడా ఉన్నాయి. 1657లో షాజహాన్ జబ్బుపడ్డాడన్న వార్త వినగానే గుజరాత్ సుబేదారుగా ఉన్న కొడుకు మురాద్ బక్ష్ తానే పాదుషానని ప్రకటించుకుని సూరత్‌ను పట్టుకున్నాడు. మరుసటి ఏడాదే ఔరంగజేబు అతన్ని బంధించాడు. ఆ కొద్దికాలంలో అతని పేరుతో సూరత్‌లో పడిన రూపాయలు సేకర్తలకు ఇష్టమైనవి. ఇలా కోరుకునే నాణేలకే పోతపోసిన నకిలీలు ఎక్కువ. పోత నాణెం అంచున అతుకు గీత ఉంటుంది, అక్షరాలు సబ్బు బిళ్ళ మీద రాతలా మొద్దుబారి ఉంటాయి, గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. 1759లో ఇంగ్లీషు కంపెనీ సూరత్ కోటను పట్టుకుంది, 1800లో ఊరి పాలన కూడా తీసుకుంది. ఆ తర్వాత యంత్రాల మీద కూడా మొగలాయి పాదుషా షా ఆలం పేరుతో, సూరత్ పేరుతో రూపాయలు అచ్చయ్యాయి. 1835లో కంపెనీ తన రాజ్యమంతటికీ ఒకే రూపాయి తెచ్చాక ఆ పేరు నాణేల మీంచి పోయింది. సూరత్ అని రాసి ఉన్నంత మాత్రాన అది చేతి దెబ్బ నాణెం కాదు. ముందు అంచు చూడండి, ఆ తర్వాతే ఏ కొలతతో చూడాలో తేల్చుకోండి.

చివరిగా కొన్ని గట్టి మాటలు చెప్పాలి. దొరికిన నాణేన్ని చింతపండుతో తోమకండి, టూత్‌పేస్టుతో రుద్దకండి. మనం చూడాల్సిన లోహం తీరంతా ఆ పై పొరలోనే ఉంటుంది. మెరుపు కోసం దాన్ని చెరిపేస్తే నిజమైన తప్పు నాణెం కూడా దెబ్బతిన్న నాణెం అవుతుంది. కావాలని నాణేన్ని పాడుచేయడం కూడా చిన్న విషయం కాదు. 2011 నాణేల చట్టం ప్రకారం చెరిపేసిన నాణెం, నిర్ణయించిన మేరకు మించి బరువు తగ్గిన నాణెం చెల్లదు. నాణేలను కరిగించడాన్ని, ధ్వంసం చేయడాన్ని ఆ చట్టం నిషేధిస్తుంది. వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. 1972 నాటి చట్టం ప్రకారం దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు.

నిజమైన తప్పు నాణెం దొరికితే దాన్ని ఒక కాగితపు కవరులో పెట్టి, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో మీద రాసి ఉంచండి. తెలిసిన ఇద్దరు ముగ్గురికి నేరుగా చూపించండి. ముందు డబ్బు కట్టమన్నవాళ్ళెవరైనా సరే, ఆ బేరం అక్కడితో ఆపేయండి. నాణెం కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. వాడకంలో అరిగిన బిళ్ళ అయితే చింత పడకండి. మామూలుగా అరిగిన పది రూపాయల బిళ్ళ కూడా పది రూపాయలకే చెల్లుతుంది. రోజు కూలి మీద బతికే ఇంట్లో రిజిస్ట్రేషన్ పేరుతో పోయే వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు. ఆ వెయ్యి నిలబడాలంటే మన ఇళ్ళల్లో ఒక్క ప్రశ్న అలవాటు కావాలి. తేడా బిళ్ళ ఎవరు తెచ్చినా ఇల్లాలు గానీ, బడికెళ్ళే పిల్ల గానీ దాన్ని వెలుగులో పట్టుకుని, "ఇది టంకశాలలో ఎలా జరిగి ఉంటుంది?" అని అడగాలి. దానికి సూటిగా జవాబు చెప్పలేనివాడికి రూపాయి కూడా ఇవ్వకండి.